ఆ నీలం డ్రమ్ముల దగ్గర ఆగు

చిరంజీవికి ఆశీస్సులు.

అమ్మా, నువ్వు పంపిన జ్ఞాపకాల వ్యాసం ‘పోర్ట్ బ్లెయిర్‌లో ఒక ఏడాది’ రెండుసార్లు చదివాను. (2024లో మీ ఊరు శ్రీ విజయపురం అయింది గానీ, నువ్వు రాసిన ఏడాదికి అది పోర్ట్ బ్లెయిరే. పేరు మార్చకు.) మొదటిసారి కోపం వచ్చింది. పదకొండు పేజీల్లో ఆరు పేజీలు సముద్రమే! వెన్నెల, కెరటాలు, సెల్యులార్ జైలు గోడలు. నాలుగు రోజులు చూసి వెళ్లేవాళ్లు అవి రాస్తూనే ఉన్నారు. అక్కడే పుట్టి పెరిగిన పిల్లవి, నువ్వూ అవే రాస్తే ఎలా?

రెండోసారి ఏడో పేజీలో ఆగిపోయాను. ఎండాకాలంలో కుళాయి మూడు రోజులకోసారి వస్తుందని, మీ సందులో నీలం డ్రమ్ములు వరసగా పెడతారని, మీ డ్రమ్ము మీద ఎర్ర పెయింటుతో ఇంటిపేరు తెలుగులో రాసి ఉంటుందని రాశావు. చదువుతుంటే గొంతు పట్టేసింది. మరి నువ్వేం చేశావు? దాన్ని అక్కడే వదిలేసి మళ్లీ కెరటాల్లోకి వెళ్లిపోయావు.

ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడే ఊళ్లో డ్రమ్ములెందుకు? వాన కొండల మీంచి జారి సముద్రంలో కలిసిపోతుంది, మీ ఊరికి నీళ్లిచ్చే ధనిఖారి డ్యామ్ ఎండల్లో అడుగంటుతుంది. నీళ్లు రాని రోజు మీ అమ్మ ఎవర్ని నిలదీస్తుంది? అండమాన్ కేంద్రపాలిత ప్రాంతం, మీకు అసెంబ్లీ లేదు. ఎంపీ ఒక్కరే. లెఫ్టినెంట్ గవర్నర్‌ని ఢిల్లీ పంపుతుంది. వీధిలో ఆపి అడగడానికి దొరికేది వార్డు కౌన్సిలరే. ఊరి బతుకు రాయాలంటే జనం ఎవర్ని ఆపి అడుగుతున్నారో అక్కడ నిలబడాలి. నలభై ఏళ్లుగా ఇదే చెబుతున్నాను, ఓపికున్నంత కాలం చెబుతాను.

2022 మార్చి మున్సిపల్ ఎన్నికల్లో మీ ఊరి 24 వార్డులకు బీజేపీకి 10, కాంగ్రెస్‌కి 10. అంటే పీఠం ఎవరిదో తేల్చేది మిగిలిన నలుగురు. వాళ్లలో ఇద్దరు తెలుగుదేశం. ఏడాది తిరిగేసరికి ఆ పార్టీ కౌన్సిలర్ ఎస్. సెల్వి బీజేపీ మద్దతుతో ఛైర్‌పర్సన్ అయ్యారు. ఇంత కథని ఒక్క ముక్కలో తేల్చేశావు! ఆ రోజు జంగ్లీఘాట్ రేవులో చేపలు దించుతున్న మన తెలుగువాళ్లు ఏమనుకున్నారు? ఇక కుళాయి రోజూ వస్తుందని ఎవరైనా ఆశపడ్డారా?

నా రెండో కథ మా వీధి కుళాయి మీదే. పన్ను ఎంతో, ఎన్నాళ్లు నీళ్లు రాలేదో అంతా రాశాను. ఒక వారపత్రిక ఎడిటర్ “కథలో లెక్కలెందుకయ్యా” అని అవన్నీ కొట్టేసి, ఒక అమ్మాయి బిందె, ఒక అబ్బాయి చూపు మాత్రం మిగిల్చి అచ్చు వేశాడు. మా నాన్న చదివి, “ఇది మన వీధి కాదురా” అన్నాడు. ఆ మాట నాకింకా గుచ్చుకుంటూనే ఉంది. ఇప్పుడు జ్ఞాపకాల వ్యాసాల ఫ్యాషన్ నడుస్తోంది. అందులోనూ అంతే, తడి కావాలంటారు, నీళ్లు ఎందుకు రాలేదో అక్కర్లేదు.

పుస్తకం ఎవరు వేస్తారని అడిగావు. ఆ సంగతి తర్వాత.

ఈసారి కుళాయి వచ్చే రోజు తెల్లారకముందే లేచి సందులోకి వెళ్లు. ఎవరి డ్రమ్ము ముందుందో, దాన్ని ఎవరు వెనక్కి జరిపారో, కౌన్సిలర్‌కి ఫోన్ చేసిందెవరో, అవతల ఎత్తారో లేదో రాసి పంపు. ఆ ఎర్ర పెయింటు అక్షరాలు మీ అమ్మే రాసిందా? అదీ కనుక్కో.