గుట్టలు, బాటలు, బస్సులు: మీ ప్రశ్నలు – మా జవాబులు

కారు లేకుండా హైదరాబాద్ చుట్టుపక్కల అడవి బాటల్లో నడవడం ఎలాగని అడుగుతూ వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: మేముండేది మియాపూర్‌లో. ఆదివారం పొద్దున అనంతగిరికి రైల్లో పోయి, చీకటి పడేలోగా ఇల్లు చేరగలమా? ఇద్దరం పెద్దవాళ్లం, నడక అలవాటుంది. – మియాపూర్ పాఠకుడు

చేరగలరు. కాకపోతే తిరుగుబండి ఏదో తేల్చుకున్నాకే పోయే బండి సంగతి చూడండి. చాలామంది పొద్దున బండి ఒక్కటే చూసుకుని బయల్దేరతారు. సాయంత్రం అనంతగిరికి దిగాల్సిన స్టేషన్ వికారాబాద్ ప్లాట్‌ఫారం మీద గంటలు లెక్కపెడుతూ కూర్చుంటారు. ఈ దారిలో తిరిగేవి ఎక్కువగా దూరప్రాంతాల ఎక్స్‌ప్రెస్‌లు. సిటీ బస్సులాగా ఒకటి పోతే ఇంకొకటి రాదు. కొన్ని సూపర్‌ఫాస్ట్‌లు వికారాబాద్‌లో అసలు ఆగవు కూడా.

మీరు సికింద్రాబాద్ దాకా వెనక్కి పోనక్కర్లేదు, లింగంపల్లిలో ఎక్కండి. అక్కడికి వచ్చేసరికి జనరల్ పెట్టెలో సీటు దొరక్కపోవచ్చు గానీ ఊరు దాటే గంట ప్రయాణం మిగులుతుంది. జనరల్ టికెట్ తీసుకున్న 3 గంటల్లోపే బండి ఎక్కాలి కాబట్టి ముందు రోజు రాత్రే కొనిపెట్టుకునే ఆలోచన వద్దు. సూపర్‌ఫాస్ట్ ఎక్కేటట్టయితే ఆ అదనపు చార్జీ కూడా టికెట్‌లో ఉండాలి. మామూలు టికెట్‌తో ఎక్కి జరిమానా కట్టినవాళ్లకు కొదవ లేదు.

వికారాబాద్ స్టేషన్ నుంచి అనంత పద్మనాభస్వామి గుడికి సుమారు 6 కిలోమీటర్ల ఘాటు రోడ్డు. పోయేటప్పుడు ఆటో తీసుకోండి, ఆ ఓపిక అడవిలో పనికొస్తుంది. తిరిగి తీసుకురావడానికి కూడా అప్పుడే మాట్లాడుకుని, ఎన్ని గంటలకు ఎక్కడికి రావాలో చెప్పి, డ్రైవర్ ఫోన్ నంబరు తీసుకోండి. సాయంత్రం గుడి దగ్గర ఖాళీ ఆటో దొరుకుతుందన్న నమ్మకం లేదు.

అసలు తిప్పలు బాట దగ్గర మొదలవుతాయి. మామూలు గుట్టయితే ముందు ఎక్కి, తర్వాత దిగుతాం. అనంతగిరిలో గుడి పైన ఉంటుంది, బాటలు లోయలోకి పోతాయి. పొద్దుటి చల్లదనంలో దిగుతుంటే దూరమే తెలియదు. ఎక్కడం మాత్రం ఎండ ముదిరాక, నీళ్లు తగ్గాక వస్తుంది. కాబట్టి 'సగం దూరం పోయి వెనక్కి' అనే లెక్క ఇక్కడ పనికిరాదు. ఉన్న సమయంలో మూడో వంతు గాని, నీళ్లలో మూడో వంతు గాని, ఏది ముందు అయిపోతే అక్కడే వెనక్కి తిరగండి. లోయలో ఫోన్ సిగ్నల్ పోతుంది కాబట్టి మ్యాపు ముందే ఫోన్లో దించుకుని ఉంచుకోండి. బాట చీలిన ప్రతిచోటా వెనక్కి తిరిగి ఒక ఫొటో తీసుకోండి, వచ్చేటప్పుడు కళ్లకు కనిపించేది ఆ వైపే.

నేల సంగతీ తెలిసుండాలి. పైనంతా ఎర్ర మొరం. ఎండాకాలంలో ఆ మొరం గులకలు కాళ్లకింద గోళీల్లా దొర్లుతాయి, జారి పడేది ఎక్కువగా పొడి నేల మీదే. వానాకాలంలో నల్లరేగడి ఉన్నచోట బూటు అడుగున మట్టి పేరుకుని అడుగు తీసి అడుగు వేయలేరు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఈ రెండు బాధలూ తక్కువ. అయితే డిసెంబర్‌లో 6 గంటలకు ముందే పొద్దు గుంకుతుంది. చెట్ల కింద చీకటి ఇంకో అరగంట ముందే కమ్ముకుంటుంది. 4 గంటలకు గుడి దగ్గర ఉండేలా చూసుకోండి.

మూసీ పుట్టింది ఈ కొండల్లోనే. చాదర్‌ఘాట్ వంతెన మీంచి చూసినవాళ్లకు నమ్మకం కలగదు గానీ, నిజం.

ఇది రిజర్వు అడవి. అటవీ సిబ్బంది 'ఇక్కడిదాకే' అంటే అక్కడిదాకే. మార్చి నుంచి ఆకు రాలి ఎండిపోయి ఉంటుంది, ఒక్క బీడీ ముక్క చాలు. పొయ్యి పెట్టుకుని వండుకునే సరదా ఇంట్లోనే తీర్చుకోండి.

ప్రశ్న: ఎనిమిదేళ్ల బాబుతో సగం పూటలో అయ్యే అడవి నడక కావాలి. మెట్రో దిగి నడిచి పోగలిగేది అయితే మేలు. – తార్నాక పాఠకురాలు

కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ పార్కు. అందరూ కేబీఆర్ పార్కు అంటారు. నీలం లైన్‌లో జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ స్టేషన్‌లో దిగితే నడక దూరమే. 1998లో జాతీయ పార్కుగా ప్రకటించిన ఈ చోటు 350 ఎకరాలకు కాస్త పైనే. బయట చుట్టూ ఉన్న నడకదారి ట్రాఫిక్ పక్కనే పోతుంది. బాబుకు నచ్చేది లోపలి బాట. నెమళ్లు కనిపించాలంటే పొద్దున తెరిచిన గంటలోపే లోపల ఉండండి. నడకకు పొద్దున, సాయంత్రం వేళలు విడివిడిగా ఉంటాయి కాబట్టి మధ్యాహ్నం పోయి గేటు ముందు నిలబడకండి. తినుబండారాల కవర్లు లోపలికి తీసుకుపోవద్దు.

జింకలు చూడాలంటే వనస్థలిపురం దగ్గరి మహావీర్ హరిణ వనస్థలి ఉంది. ఎరుపు లైన్‌లో చివరి స్టేషన్ ఎల్బీనగర్. అక్కడినుంచి విజయవాడ రోడ్డు మీద హయత్‌నగర్ వైపు పోయే బస్సు ఎక్కాలి. విస్తీర్ణం 14.59 చదరపు కిలోమీటర్లు, కృష్ణజింకలకు పేరు. అంత జాగా ఉన్నా ఇష్టమొచ్చినట్టు తిరగనివ్వరు, జింకల కోసం అది న్యాయమే. నడక కోసమే పోతే మాత్రం కేబీఆరే నయం.

ప్రశ్న: భువనగిరి కోట ఎక్కాలని ఉంది. ఎండ, కోతులు, జారుడు, తేనెటీగలు అంటూ తలా ఒక మాట చెప్పి భయపెడుతున్నారు. – రామంతాపూర్ పాఠకుడు

భయపడక్కర్లేదు గానీ వాళ్లు చెప్పిన నాలుగూ ఉన్నవే. మీకు ఉప్పల్ దగ్గర కాబట్టి బస్సే తేలిక. యాదగిరిగుట్ట, వరంగల్ వైపు పోయే బస్సులు ఆ దారినే పోతాయి. ఎక్కేముందు కండక్టర్‌ని 'భువనగిరి ఊళ్లోకి పోతదా, బైపాస్ మీదనే దించుతరా?' అని అడగండి. బైపాస్ మీద దిగితే కోట ఎక్కడానికి ముందే ఎండలో ఒక నడక అయిపోతుంది. సికింద్రాబాద్ నుంచి కాజీపేట దారిలో రైలు కూడా ఉంది.

మొత్తం కొండ ఒకే బండ, ఎత్తు సుమారు 500 అడుగులు. పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరుతో త్రిభువనగిరి అయి, వాడుకలో భువనగిరి అయింది. కింద కొంతదూరం మెట్లు, ఆపైన వట్టి బండ, పక్కన పట్టుకోవడానికి ఇనుప కమ్మీలు. నింపాదిగా ఎక్కితే గంట. ఎక్కడా నీడ లేదు. నల్లరాయి పగలంతా వేడి తాగి సాయంత్రం దాకా కక్కుతూనే ఉంటుంది, అందుకని 'ఎండ తగ్గాక ఎక్కుదాం' అన్నా ఉపయోగం ఉండదు. ఫిబ్రవరి దాటితే పొద్దున 9 లోపు కిందికి వచ్చేయాలి.

ఇక జారుడు. ఈ బండ గుమ్మటంలా ఉంటుంది. పైన దాదాపు చదునుగా ఉండి, అంచువైపు పోతున్నకొద్దీ వాలు తెలియకుండానే పెరుగుతుంది. ఇంకొక్క అడుగు వేయవచ్చు అనిపించే చోటే కాలు నిలవదు. ఫొటో కోసం కమ్మీలు దాటేవాళ్లకు అర్థంకాని సంగతి ఇదే. వాన పడిన రోజూ, మర్నాడూ బండ మీద సన్నని పాచి పొర ఉంటుంది, ఆ రెండు రోజులూ మానుకోండి. అడుగు మెత్తని రబ్బరై, అరగనిదైతే ఏ బూటైనా చాలు. తోలు చెప్పులు, నున్నగా అరిగిన స్లిప్పర్లు వద్దు. దిగేటప్పుడు నేరుగా కాకుండా అడ్డంగా, కొంచెం మోకాళ్లు వంచి దిగండి.

కోతులకు చేతిలో పాలిథిన్ కవరు కనిపిస్తే చాలు. తిండీ నీళ్లూ జిప్పున్న బ్యాగులో వీపుకు వేసుకోండి. లాక్కుంటే వదిలేయండి, గుంజులాట పెట్టుకుంటే కరుస్తుంది. కరిచినా గీరినా సబ్బూ నీళ్లతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకా వేయించుకోవాలి.

కొండ తేనెటీగల పట్టు కనిపిస్తే కింద నిలబడి మాట్లాడుకోవద్దు, పొగ రానివ్వొద్దు, రాయి విసరొద్దు. అవి లేస్తే చేతులు ఊపకుండా ముఖం కప్పుకుని దూరంగా పోవాలి. బండ మీద మాత్రం పరుగు ప్రమాదం, కమ్మీ వదలకండి. కుట్టిన ముల్లును గోటితో వెంటనే గీకి తీసేయండి, ఆలస్యమైనకొద్దీ విషం ఎక్కువ దిగుతుంది. పెదవులు వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే 108.

ప్రశ్న: సంక్రాంతి సెలవుల్లో గుట్టల్లో తిరిగి వచ్చాం. ముగ్గురికి చేతులు, మెడ మంటెత్తే దురద. కడిగినకొద్దీ పెరిగింది. ఏమిటిది? – బోడుప్పల్ పాఠకురాలు

మీరు చెప్పిన కాలాన్నీ లక్షణాలనూ బట్టి దూలగొండి కావచ్చు. దురదగొండి అన్నా అదే. తీగ పొదలకు అల్లుకుంటుంది, చలికాలంలో కాయలు ఎండుతాయి, వాటి మీది గోధుమరంగు నూగు గాలికే రాలి ఒంటికి గుచ్చుకుంటుంది. చేత్తో రుద్ది కడిగితే నూగు ఒళ్లంతా పాకుతుంది, మీకు జరిగింది అదే అయ్యుండాలి. ముందు జిగురు టేపు అద్ది లాగండి, ప్రతిసారీ కొత్త ముక్క తీసుకుని నాలుగైదుసార్లు. ఆ తర్వాతే రుద్దకుండా ధార కింద కడగాలి. బట్టలు దులపొద్దు, విడిగా నానబెట్టండి. కంట్లో పడితే మంచినీళ్లతో కడుగుతూ డాక్టర్ దగ్గరికి పోవాలి. ఇంకోసారి పోయినప్పుడు నిండు చేతుల చొక్కా వేసుకోండి. సర్కారు తుమ్మ ముల్లు పలచని బూటు అడుగును కూడా దాటుకుని వస్తుంది, కాబట్టి అడుగు మందంగా ఉండాలి.

ప్రశ్న: పాము కరిస్తే పైన గుడ్డ బిగించి కట్టాలా? – వికారాబాద్ పాఠకుడు

కట్టొద్దు. కోయొద్దు, నోటితో పీల్చొద్దు, పసరు పోయొద్దు. రక్తపింజర కాటుకు బిగించి కడితే విషమంతా ఒకేచోట నిలిచి కాలి కండ చచ్చిపోతుంది. ఉంగరాలు, కడియాలు, గడియారం, బూట్లు వాపు రాకముందే తీసేయండి. కరిచిన కాలికి కర్ర ఆనించి, కదలకుండా వదులుగా కట్టి, మోసుకుపోండి. నడిపిస్తే విషం తొందరగా పాకుతుంది. కరిచిన సమయం రాసుకోండి, పామును వెతుక్కుంటూ పోవద్దు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగిటికీ మన దగ్గర వాడే విరుగుడు మందు ఒకటే. కట్లపాము కాటుకు నొప్పి, వాపు లేకపోవచ్చు. కనురెప్పలు వాలుతుంటే అది మత్తు కాదు, విషం. వికారాబాద్, భువనగిరి రెండూ జిల్లా కేంద్రాలే, నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికే పోండి.

ప్రశ్న: ఖాజాగూడ గుట్టల మీద రాత్రి నడక బాగుంటుందంటున్నారు, నిజమేనా? – గచ్చిబౌలి పాఠకుడు

వద్దు. బండల మధ్య సందులు పగలే కనబడవు. పొద్దున పోండి. నీలం లైన్ చివరి స్టేషన్ రాయదుర్గంలో దిగితే ఆటోకు నాలుగు కిలోమీటర్లలోపే. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి రాయి మీద నడుస్తున్నారన్నది గుర్తుంటే చాలు, గోడల మీద రాసినట్టు పేర్లు రాయబుద్ధి కాదు. ఒంటరిగా ఇష్టం లేకపోతే, 1996 నుంచి ఈ బండల కోసం పనిచేస్తున్న 'సొసైటీ టు సేవ్ రాక్స్' నడకల్లో కలవండి.

ప్రశ్న: మహాలక్ష్మి ఉచిత టికెట్ ఈ ప్రయాణాలకు పనికొస్తుందా? – మెహిదీపట్నం పాఠకురాలు

2023 డిసెంబర్ 9 నుంచి ఉన్న ఈ సౌకర్యం తెలంగాణ ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో వర్తిస్తుంది. డీలక్స్, సూపర్ లగ్జరీల్లో చెల్లదు, మెట్రో రైలుకూ లేదు. తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించి జీరో టికెట్ తీసుకోవాలి. మీ మెహిదీపట్నం నుంచి 288డి ఎక్కితే చిలుకూరు. ఆ దారిలోనే మృగవని జాతీయ పార్కు ఉంది, దుప్పులు, కణుజులు కనిపిస్తాయి. శుక్రవారం నుంచి ఆదివారం దాకా బాలాజీ గుడి భక్తులతో బస్సు కిక్కిరిసి ఉంటుంది, వీలైతే మంగళ, బుధవారాల్లో పోండి.