ఉన్నదంతా డౌన్‌పేమెంట్‌కే పోస్తే లారీ నడిచేది దేనిమీద?

ప్రశ్న: నా వయసు 34. తొమ్మిదేళ్లుగా గాజువాకలో ట్రైలర్ డ్రైవర్‌ని. స్టీల్ లోడుతో హైదరాబాద్ వెళ్లి, అక్కడ దొరికిన లోడు వేసుకుని తిరిగొస్తాను. జీతం, బత్తా కలిపి నెలకు 32 వేలు. ఇప్పుడు సొంతంగా ఒక సెకండ్‌హ్యాండ్ ట్రైలర్ కొనాలనుకుంటున్నాను. 2019 మోడల్, వెనక 40 అడుగుల ట్రైలర్‌తో కలిపి 18 టైర్లు, ధర 24 లక్షలు. ఫైనాన్స్‌వాళ్లు 11 శాతం వడ్డీకి 18 లక్షలు ఇస్తామన్నారు. 36 నెలలు, ఈఎంఐ 66,500. మిగతా 6 లక్షల్లో నా దగ్గర 3 లక్షలున్నాయి. నా భార్య బంగారం బ్యాంకులో పెడితే 1.8 లక్షలు వస్తాయి. ఇంకో 1.2 లక్షలు మూడు రూపాయల వడ్డీకి తెస్తాను. నెలకు ఐదు ట్రిప్పులు వేస్తే రానూపోనూ కిరాయి 3.9 లక్షలు, ఖర్చులు పోను 1.02 లక్షలు మిగులుతాయి. ఈఎంఐ కట్టాక కూడా ఇప్పటి జీతమంత చేతికొస్తుంది. ఇన్సూరెన్స్ ఇంకా ఐదు నెలలుంది కాబట్టి పేరు మార్పు నిదానంగా చూసుకోవచ్చని, రేపటిలోగా 50 వేలు అడ్వాన్సు ఇవ్వాలని బ్రోకరు అంటున్నాడు. లోను 36 నెలలు పెట్టుకోవాలా, 48 నెలలా?

జవాబు: రేపు ఆ 50 వేలు ఇవ్వకండి. నెలలు 36 పెట్టుకోవాలా 48 పెట్టుకోవాలా అన్నది తర్వాతి మాట. బండి మీ పేరున వచ్చిన రోజు మీ చేతిలో ఒక్క రూపాయి ఉండదు, పైగా మూడు చోట్ల అప్పుంటుంది. మొదటి లారీ కొనే డ్రైవర్లలో ఎక్కువమంది చేసే తప్పు ఇదే. ఉన్నదంతా ఊడ్చి డౌన్‌పేమెంట్ కట్టేసి, మిగతాది బండే సంపాదించుకుంటుందని అనుకుంటారు. పాత బండి మొదటి ఆరు నెలలు సంపాదించిపెట్టదు, డబ్బు అడుగుతుంది. అమ్మేవాళ్లు ఎన్నాళ్లుగానో వాయిదా వేసుకుంటూ వచ్చిన పనులన్నీ కొన్నవాళ్ల నెత్తినే పడతాయి.

ముందు మీ లెక్క చూద్దాం. డీజిల్, టోల్, క్లీనర్, కమీషన్ బాగానే వేశారు. నెలకు 6,200 కిలోమీటర్లు, లీటరుకు సగటున 3.2, లీటరు 97 రూపాయలు అనుకుంటే డీజిలే 1.88 లక్షలు. టోల్‌కు 55 వేలు, బత్తా, క్లీనర్‌కు 25 వేలు, కమీషన్, లోడింగ్‌కు 20 వేలు. మొత్తం 2.88 లక్షలు. అంటే మీరు చెప్పిన 1.02 లక్షలు సరే, ఈఎంఐ పోను 35,500 మిగిలే మాటా సరే. మీరు రాయనివి ఇవీ: 18 టైర్లున్న బండికి కిలోమీటరుకు మూడు రూపాయల టైరు అరుగుదల తక్కువలో తక్కువ. అది నెలకు 18,600. ఇన్సూరెన్స్ నెలకు ఏడు వేలు పక్కన పెట్టాలి. ఆర్‌సీలో బరువు 40 టన్నులు దాటితే 2022లో ఖరారు చేసిన రేట్ల ప్రకారం థర్డ్ పార్టీ (ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి) ప్రీమియమే 44,242, దానిపైన జీఎస్టీ, సొంత డ్యామేజీ (మీ బండికి జరిగే నష్టానికి), ట్రైలర్ ప్రీమియం. నేషనల్ పర్మిట్ ఏడాదికి 16,500. దానికి మూడు నెలల పన్ను, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) కలిపితే నెలకు నాలుగు వేలు. ఆయిల్ మార్పు, గ్రీజు, బ్రేక్ లైనర్లు, చిన్నాచితకా పనులకు ఎనిమిది వేలు. మూడు రూపాయల వడ్డీ 3,600, బంగారం మీద వడ్డీ దాదాపు 1,800. కూడితే 43 వేలు. మిగిలేది 35,500. ఇంటికి బియ్యం కొనకముందే నెలకు 7,500 లోటు. అదీ పన్నెండు నెలలూ ఐదేసి ట్రిప్పులు తప్పకుండా పడితే. ప్లాంటు గేటు దగ్గర రెండు రోజులు, అన్‌లోడింగ్ పాయింట్‌లో మూడు రోజులు హాల్టింగ్ పడితే ఆ నెల నాలుగు ట్రిప్పులే అవుతాయని మీకు నాకంటే బాగా తెలుసు. బ్యాలెన్స్ కిరాయి రసీదు ఆఫీసులో ఇచ్చిన నెలకో, నెలన్నరకో గానీ రాదనీ తెలుసు. డ్రైవర్‌గా ఉన్నప్పుడు అది ఓనరు బాధ. ఇకమీదట మీది.

వడ్డీ సంగతి. ఆ 11 శాతం ఫ్లాట్ రేటు. అసలు ఎంత తీర్చినా మూడేళ్లూ 18 లక్షల మీదే వడ్డీ వేస్తారు. 5.94 లక్షల వడ్డీ కలిపి 36తో భాగిస్తే మీ 66,500 వచ్చింది. బ్యాంకులు చెప్పే తగ్గుతూ వచ్చే వడ్డీ లెక్కలో అది దాదాపు 19.5 శాతం. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం, దాని గురించి చర్చించేదేమీ లేదు. డౌన్‌పేమెంట్ కోసం వడ్డీకి అప్పు తేవాల్సి వచ్చిందంటే ఆ బండి మీ స్థోమతకు మించిందని అర్థం. ఇంటావిడ బంగారం కూడా బండిలో పెట్టేస్తే, రేపు ఆసుపత్రి ఖర్చు వచ్చినప్పుడు కుదువ పెట్టడానికి ఏం మిగులుతుంది?

చేతిలో ఎంతుండాలి? ఈ సైజు బండికి 5 లక్షలు. మూడు ఈఎంఐలకు 2 లక్షలు. ఇంజిన్ బోరు పనో (అరిగిన సిలిండర్లు బాగుచేయడం), గేర్‌బాక్సో ఒక్కటి వస్తే 2 లక్షలు. రెండు ట్రిప్పుల దారి ఖర్చు 1.15 లక్షలవుతుంది, అడ్వాన్సు కిరాయి కొంత వస్తుంది కాబట్టి అందుకు 1 లక్ష చాలు. ఈ డబ్బు బండిది. ఇంటి ఖర్చులకు ఆరు నెలలకు సరిపడా, అంటే లక్షన్నర, వేరే ఖాతాలో ఉండాలి. రెండూ కలపకండి, కలిస్తే ముందు ఇంటి డబ్బే బండికి పోతుంది. ‘అవసరమైతే చిట్టీ పాడుకుంటాను’ అని మీలాంటి చాలామంది రాస్తుంటారు. గేర్‌బాక్స్ సూర్యాపేట దగ్గర పోతే మెకానిక్ చిట్టీ పాటదాకా ఆగడు. తొందరలో పాడితే చిట్టీ మొత్తంలో కోత ఎంత పోతుందో చూసుకోండి. ఎప్పుడంటే అప్పుడు తీసుకోగల బ్యాంకు డిపాజిట్టే దీనికి సరైన చోటు.

ఈ డబ్బు లేనివాళ్ల నెలలు ఇలా నడుస్తాయి. టైర్లు పోతే కొత్తవి కొనలేక ఫైనాన్స్‌కు తీసుకుంటారు. ఒక ఈఎంఐ తప్పుతుంది. దాన్ని పూడ్చడానికి ఐదు టన్నులు ఎక్కువ వేస్తారు. ఓవర్‌లోడుకు జరిమానా 20 వేలు, ఆపైన ఎక్కువున్న ప్రతి టన్నుకూ 2 వేలు. ఐదు టన్నులకు 30 వేలు. మిగిలేదేమీ ఉండదు, పైగా ఛాసిస్, కమాన్ కట్టలు (స్ప్రింగు పట్టీలు) దెబ్బతింటాయి. మూడో ఈఎంఐ తప్పేసరికి బండి ఫైనాన్స్‌వాళ్ల యార్డులో ఉంటుంది.

ఇన్సూరెన్స్ ఉంది కదా అంటారేమో. దాని గురించే గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మీ బ్రోకరు చెప్పింది ప్రమాదకరమైన మాట. బండి చేతులు మారినప్పుడు మోటారు వాహనాల చట్టం 157వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ కవరు మాత్రమే మీకు దానంతటదే వస్తుంది. సొంత డ్యామేజీ కవరు రాదు. 14 రోజుల్లోగా పాలసీ మీ పేరుకు మార్చమని దరఖాస్తు చేయాలి. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు, ఆ తేడా మీరే కట్టాలి. ఇంకా ముఖ్యమైనది ఓనర్ కం డ్రైవర్‌కు ఉండే 15 లక్షల ప్రమాద బీమా. అది ఆర్‌సీలో, పాలసీలో పేరున్న ఓనరుకే వర్తిస్తుంది. పేరు మారకుండా మీరు స్టీరింగ్ పట్టి, జరగరానిది జరిగితే మీ ఇంటికి ఆ 15 లక్షలు రావు, బండి రిపేరుకూ పైసా రాదు, ఈఎంఐ మాత్రం మీ భార్య కట్టాలి. ఐదు నెలలు కాదు కదా, ఐదు రోజులు కూడా అలా తిప్పకండి.

పాలసీ మీ పేరుకు మార్చేటప్పుడే మూడు విషయాలు చూడండి. ట్రైలర్ విలువను ముందు బండితో కలపకుండా విడిగా రాశారా? ఐఎంటీ–23 అనే అదనపు కవరు ఉందా? లేకపోతే గూడ్స్ బండికి లైట్లు, టైర్లు, మడ్‌గార్డులు, బంపరు, బానెట్, పెయింటు దెబ్బతిన్నా క్లెయిము రాదు. యాక్సిడెంట్‌లో ముందుగా పోయేవి అవే. దీనికి సొంత డ్యామేజీ ప్రీమియంలో 15 శాతం అదనం. మూడోది క్లీనర్‌కు లీగల్ లయబిలిటీ కవరు (అతనికి ప్రమాదం జరిగితే మీరు ఇవ్వాల్సిన పరిహారానికి), నామమాత్రపు ఖర్చు. ఇవన్నీ ఉన్నా పూర్తి డబ్బు రాదు. ఐదేళ్లు దాటిన బండికి ఇనుప విడిభాగాల విలువలో 40 శాతం, రబ్బరు, ప్లాస్టిక్ వాటికి 50 శాతం కోత పెడతారు. విడిభాగాల బిల్లు 3 లక్షలైతే 1.2 లక్షలకు పైగా మీ జేబులోంచే. సర్వేయరు వచ్చి, షెడ్డులో పని అయ్యేసరికి నెల దాటుతుంది. యాక్సిడెంట్ కాకుండా ఇంజిన్ దానంతటదే పట్టేస్తే ఇన్సూరెన్స్‌కు సంబంధమే లేదు. అందుకే ఆ 5 లక్షలు.

మీ ప్రాణానికి టర్మ్ పాలసీ కనీసం 50 లక్షలకు తీసుకోండి. ఫారంలో వృత్తి దగ్గర హెవీ వాహన డ్రైవర్ అనే రాయండి. ప్రీమియం కాస్త పెరిగినా పరవాలేదు, దాస్తే క్లెయిము దగ్గర ఇంట్లోవాళ్లు ఇబ్బంది పడతారు. లోనులో మీ భార్య చేత కో-అప్లికెంట్‌గా సంతకం పెట్టిస్తారు కాబట్టి ఆ పాలసీ ముందు రావాలి, సంతకం తర్వాత.

ఇక మీరు అడిగిన 36, 48. అదే ఫ్లాట్ రేటుకు 48 నెలలైతే ఈఎంఐ 54,000, మొత్తం వడ్డీ 1.98 లక్షలు ఎక్కువ. ఎప్పటికైనా తీసుకుంటే 48 తీసుకోండి. ముందుగా తీరిస్తే జరిమానా ఎంతో కాగితం మీద రాయించుకుని, మిగిలే 12,500 ప్రతి నెలా బండి ఖాతాలో వేయండి. వడ్డీ ఎక్కువైనా చేతిలో డబ్బుండటం ముఖ్యం. 24 లక్షల బండికి మాత్రం ఇప్పుడు ఏ లెక్కా కుదరదు. నెలకు 15 వేల చొప్పున పద్దెనిమిది నెలలు దాస్తే 2.7 లక్షలు, ఉన్న 3 లక్షలతో 5.7 లక్షలు. అప్పుడు 11 లక్షల్లో పది టైర్ల లారీ చూడండి. 2.75 లక్షలు కట్టినా దాదాపు 3 లక్షలు చేతిలో ఉంటాయి, ఆ సైజు బండికి అది సరిపోతుంది. ముద్రా లోను అడిగి చూడొచ్చు.

బండి చూసేటప్పుడు పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉండగా వెళ్లండి. ముందే స్టార్ట్ చేసి ఉంచితే ఆ రోజు వెనక్కి వచ్చేయండి. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీసి చూడండి. పొగ గుప్పుగుప్పున కొడుతుంటే బోరు పని దగ్గరపడింది. ట్రైలరే తీసుకుంటే హార్స్ (ముందు బండి) విడదీయించి, ట్రైలర్‌ను దానికి తగిలించే కింగ్‌పిన్‌ను కాలిపర్‌తో కొలిపించండి. కొత్తది 50.8 మిల్లీమీటర్లు ఉంటుంది, 49కి వచ్చిందంటే మార్చాల్సిందే. స్టీల్ కాయిల్స్ మోసిన ట్రైలర్‌కు బరువంతా ఒక్కచోట పడుతుంది కాబట్టి, కాయిల్ కూర్చునే చోట దూలాల కింద పడుకుని చూడండి. కొత్త పెయింటు కింద వెల్డింగ్ గీతలు చేతికి తగులుతాయి. బీఎస్–4 బండికి పొగను శుభ్రం చేసే యూరియా సిస్టమ్ ఉంటే అది పనిచేస్తోందా, బైపాస్ చేశారా కనుక్కోండి. టైరు మీద నాలుగంకెల తయారీ తేదీ చదవండి, ముందు టైర్లు రీట్రేడ్‌వి (పాత టైరుకు కొత్త రబ్బరు వేసినవి) అయితే ఆ రెండింటి ధర తగ్గించుకోండి. లోడుతో యాభై కిలోమీటర్లు తిప్పనివ్వని బండి కొనకండి. ఆటోనగర్‌లో మీకు నమ్మకమున్న మెకానిక్‌కు నాలుగైదు వేలిచ్చి వెంట తీసుకెళ్తే అది ఖర్చు కాదు. 2019 మోడల్‌కు ఎనిమిదేళ్లు నిండాక ఎఫ్‌సీ ఏటా చేయించాలి, ధర మాట్లాడేటప్పుడు ఆ మాట కూడా ఎత్తండి.

కాగితాల్లో ఆర్‌సీ మీద పాత ఫైనాన్స్ పేరుంటే, అప్పు తీరిందని వాళ్లిచ్చే ఎన్‌ఓసీ, ఆర్‌సీ నుంచి వాళ్ల పేరు తీయించే ఫారం 35 చూడకుండా ఒక్క రూపాయీ ఇవ్వకండి. నోటరీ అగ్రిమెంటు మీద మిగిలిన ఈఎంఐలు కట్టుకుంటూ బండి తీసుకోమని ఎవరైనా చెబితే వినకండి. మీరు కడతారు, బండి వాళ్లదిగానే ఉంటుంది. పేరు మార్పుకు ఇచ్చే ఫారం 29, 30 సంతకాలు మీ ఎదురుగా జరగాలి. ఛాసిస్ నెంబరు, ట్రైలర్ మీద కొట్టిన నెంబరు ఆర్‌సీతో పోల్చాలి. ఈ-చలానాలు, పన్ను బకాయిలు పరివాహన్ సైట్‌లో కనిపిస్తాయి.

పద్దెనిమిది నెలల తర్వాత కొనేటప్పుడు కూడా అడ్వాన్సు 10 వేలు మించకూడదు. బ్యాంకు ద్వారానే పంపండి. అది ఓనరు ఖాతాలోకే వెళ్లాలి, బ్రోకరుకు కాదు. రసీదులో ఈ మాట రాయించండి: ‘15 రోజుల్లో ఫైనాన్స్ ఎన్‌ఓసీ చూపించకపోయినా, మెకానిక్ తనిఖీలో ఇంజిన్ లేదా ఛాసిస్ లోపం తేలినా అడ్వాన్సు మొత్తం తిరిగి ఇస్తాను.’ దానికి ఒప్పుకోని ఓనరు దగ్గర బండి తీసుకోకండి.