మౌస్ వాళ్ల చేతిలోనే ఉండనియ్యి

అమ్మాయ్,

నిన్న ఫోన్లో నువ్వు చెప్పిందంతా విన్నాను. వచ్చే వారం నుంచి స్టాఫందరికీ కంప్యూటరూ, స్మార్ట్ క్లాసు బోర్డూ, ఆన్‌లైన్ ఎంట్రీలూ నువ్వే నేర్పాలని హెడ్‌మాస్టరు గారు అన్నారట, పద్నాలుగు మందిలో పదకొండు మంది నీకంటే ఇరవయ్యేళ్లు పెద్ద, పైగా అందులో ఒకాయన నీకే పదో తరగతి లెక్కలు చెప్పిన మాస్టారు. టెన్షన్ పడక ఏం చేస్తావులే. ముప్పై నాలుగేళ్లు ఒడిశాలోని ఈ గజపతి, రాయగడ జిల్లాల బళ్లలోనే పనిచేశాను, ఇలాంటి ట్రైనింగులకు కూర్చున్నాను, తర్వాత నేనే ఇచ్చాను, రెండు చోట్లా చివాట్లు తిన్నాను. అందుకే రాస్తున్నాను. ఫోన్లో చెబుదామంటే మీ అత్తయ్య మధ్యలో దూరుతుంది.

నేను కూర్చున్న మొదటి ట్రైనింగులో అరవై మందిమి ఒకే హాల్లో ఉన్నాం. ఒక కుర్రాడు ప్రొజెక్టరు మీద ఇంగ్లీషులో ఏవో చూపిస్తూ నెక్స్ట్, నెక్స్ట్, సబ్మిట్ అంటూ పోయాడు. నా పక్కనున్న మాస్టారు, పాతికేళ్లు సైన్సు చెప్పినాయన, నోటుబుక్కులో శ్రద్ధగా "నెక్స్ట్" అని మూడుసార్లు రాసుకున్నాడు. ఏదో అడుగుదామని చెయ్యెత్తి, చుట్టూ చూసి, దించేసుకున్నాడు. సాయంత్రం బస్సులో ఒడియాలో "మో ద్వారా హెబొ నాహి" అన్నాడు, నావల్ల కాదని. ఆయన్ని ఆపింది మిషను కాదమ్మా, నలుగురిలో నవ్వులపాలవుతానన్న సిగ్గు. నీ స్టాఫు రూములో కూడా "నాకు కళ్లు సరిగ్గా కనిపించవు", "మా అబ్బాయి చేస్తాడులే" అనేవాళ్లు ఉంటారు చూడు, వాళ్లందరిదీ ఇదే గోల.

కాబట్టి పద్నాలుగు మందినీ ఒకేసారి కూర్చోబెట్టకు. ముగ్గురేసి చాలు, లీజర్ పీరియడ్‌లో, నలభై నిమిషాలు. నీకు లెక్కలు చెప్పిన మాస్టారిని మాత్రం అందరికంటే ముందు, ఒంటరిగా, బడి వదిలాక పిలువు. "మాస్టారూ, రేపు నేను చెప్పేటప్పుడు తప్పు పోతే మీరు సర్దాలి" అని అడుగు. అబద్ధమేమీ కాదుగా, నిజంగానే నీకు సాయం కావాలి. రెండో రోజుకి ఆయనే ఇంకొకరికి చూపిస్తూ ఉంటాడు.

మౌస్ నువ్వు ముట్టుకోకు. ఎంత ఆలస్యమైనా సరే, ఆయన బాణం గుర్తు కోసం తెరంతా వెతుకుతున్నా సరే, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడు. "ఇటివ్వండి సార్, నేను చేస్తాను" అన్నావంటే ఆ పని ఇంక నీదే, రిటైరయ్యే దాకా. నేను ఈ తప్పు చేసి రెండేళ్లు బడిలో ఎంట్రీలన్నీ ఒక్కడినే చేశాను.

దేనితో మొదలుపెట్టాలి అన్నావు కదా. స్మార్ట్ బోర్డుతో వద్దు, జీతంతో మొదలుపెట్టు. ఉద్యోగుల జీతాలు, సెలవుల లెక్కలుండే ప్రభుత్వ వెబ్‌సైటు హెచ్‌ఆర్‌ఎమ్‌ఎస్‌లోకి వెళ్లి తన పే స్లిప్పు తానే దింపుకోవడం, సెలవు ఎంత మిగిలిందో చూసుకోవడం చూపించు. ఇన్నాళ్లూ క్లర్కునో నెట్ షాపు వాడినో బతిమాలుకున్న మనిషి తన చేత్తో తన జీతం కాగితం తీసుకున్నప్పుడు ఆ మొహం చూడాలి నువ్వు. లాగిన్, పాస్‌వర్డు, డౌన్‌లోడ్, ప్రింటు అన్నీ అందులోనే వచ్చేస్తాయి, వేరే పాఠం అక్కర్లేదు. ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తోందో మాత్రం మొదటి రోజే చూడు. నేను రిటైరై మూడేళ్లయినా ఒక బడి ఓటీపీలు ఇప్పటికీ నాకే వస్తున్నాయి, మధ్యాహ్నం నిద్రలో లేపి మరీ అడుగుతారు.

తర్వాత ఎక్సెల్. మన వాళ్లు మార్కులు ఎక్సెల్లో కొట్టి, టోటల్ మాత్రం పక్కన కాలిక్యులేటరు పెట్టుకుని వేస్తారు, నవ్వకు. అంకెలన్నీ దానంతటదే కూడేసే ఆటోసమ్ బటన్ ఒకటి చూపించు, ఆ రోజుకి చాలు. దానికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఆధార్ నంబరు పన్నెండు అంకెలు కొడితే ఎక్సెల్ దాన్ని మధ్యలో చుక్క పెట్టి, చివర E+11 అని చూపిస్తుంది, అది చూసి ఒక మేడమ్ మొత్తం షీటు చెడిపోయిందని ఏడ్చినంత పని చేసింది. అది చూపించే తీరే, లోపల నంబరు భద్రంగానే ఉంటుంది. కానీ బ్యాంకు ఖాతా నంబరు 15 అంకెలు దాటితే మాత్రం నిజంగానే ప్రమాదం, పదహారో అంకె నుంచి సున్నాలు పెట్టేస్తుంది, మళ్లీ వెనక్కి రావు, పిల్లవాడి స్కాలర్‌షిప్ ఆ సున్నాల్లో పోతుంది. నంబర్లు కొట్టకముందే ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా మార్చమని చెప్పు. చేసి చూపించు, చెడగొట్టి కూడా చూపించు.

బడి వివరాలు, పిల్లల వివరాలు ఎక్కించే యూడైస్ ప్లస్ పోర్టల్ ఎంట్రీల దగ్గర మన సరిహద్దు బళ్లకే ఉన్న తద్దినం ఒకటుంది. మనకి ఇంటిపేరు ముందు, ఒడియా వాళ్లకి చివర. అడ్మిషన్ రిజిస్టరులో ఒడియాలో ఒకలా, ఆధార్‌లో ఇంగ్లీషులో ఇంకోలా ఉంటుంది, ప్రతి విద్యార్థికీ ఇచ్చే అపార్ ఐడీ నంబరు దగ్గరకొచ్చేసరికి రెండూ కలవవు. దీన్ని కంప్యూటరు పాఠం అనుకోకు. నలుగురు పిల్లల పేర్లు బోర్డు మీద రాసి, ఆధార్ కార్డు పక్కన పెట్టి, అక్షరం అక్షరం పోల్చడం అలవాటు చెయ్యి. ఎంట్రీ మధ్యలో టీకి లేస్తే లాగిన్ దానంతటదే పోతుందని కూడా చెప్పు. సేవ్ చెయ్యకుండా లేచి నేను ఒక సాయంత్రం మొత్తం ఎంట్రీ పోగొట్టుకున్నాను.

టైపింగ్ సంగతి. డీటీపీ షాపుల్లో పాత ఫాంట్లతో కొట్టించిన ప్రశ్నపత్రం ఇంకో కంప్యూటరులో తెరిస్తే పిచ్చి గీతలు వస్తాయి, అందుకే ఏ కంప్యూటరులో తెరిచినా అక్షరాలు సరిగ్గా కనిపించే యూనికోడ్ నేర్పాలి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో ఒక సుఖం ఉంది, మన భాషలన్నిటికీ ఒకటే అమరిక. కె మీద తెలుగులో క ఉంటే ఒడియాలోనూ క, హెచ్ మీద ప, జె మీద ర. రెండు లిపులూ తెలిసిన మన మాస్టర్లకి ఒక్కసారి నేర్చుకుంటే రెండూ వచ్చినట్టే. ఈ మాట చెప్పి చూడు, వాళ్లకి ఎంత సరదా పుడుతుందో.

నువ్వు మాత్రం ఇంగ్లీషులో చెప్పకు. మన పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు గారు సవర గిరిజన పిల్లలకు చదువు చెప్పాలనుకున్నప్పుడు ముందు తాను సవర భాష నేర్చుకున్నారు. నీ స్టాఫులో తెలుగు వాళ్లున్నారు, ఒడియా వాళ్లున్నారు, సవర మాస్టారు ఒకరున్నారు. కర్సర్‌ని కర్సర్ అనే అను, కానీ మిగతా వాక్యం వాళ్ల మాటలో ఉండాలి. ఏ రోజు నేర్పింది ఆ రోజు రాత్రి రెండు నిమిషాల వాయిస్ మెసేజ్‌గా స్టాఫు గ్రూపులో పెట్టు, ఒకటి తెలుగులో, ఒకటి ఒడియాలో. సిగ్గుపడేవాళ్లు ఇంట్లో పదిసార్లు వింటారు.

స్మార్ట్ బోర్డు చివరి వారానికి ఉంచు. కరెంటు పోయే ఊరు కాబట్టి ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షాలో పాఠాలు ముందురోజే డౌన్‌లోడ్ చేసుకోవడం చూపించు, పుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉంటుంది కదా. ఇంకో మాట, ఆ గదిలో మార్కరు పెన్నులన్నీ ముందే తీసేసి దాచెయ్. ఎందుకని అడక్కు, మా బోర్డు మీద ఆ గీతలు ఎలా పోయాయో నాకూ మా ప్యూన్‌కే తెలుసు.

మొదటి రోజు అయ్యాక ఫోన్ చెయ్యి. ఎనిమిదిన్నర దాటాక చెయ్యి, అప్పటిదాకా మీ అత్తయ్య సీరియల్ ఉంటుంది, ఫోన్ నాకు ఇవ్వదు.

మీ మావయ్య