ఆ గదిలో అపస్వరాన్ని సరిదిద్దకు

అమ్మలూ,

సోమవారం నుంచి పిల్లల సైకియాట్రీ వార్డులో మ్యూజిక్ థెరపిస్టుగా చేరుతున్నానని నువ్వు ఫోన్ చేసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సంతోషం ఒక పక్క, బెంగ ఒక పక్క. ఇరవై రెండేళ్లు నేను చేసిన పని అది. మొదట్లో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టింది నేను నేర్చుకున్న సంగీతమే. అందుకే ముందుగా ఈ మాట: ఆ గదిలో ఎవరి అపస్వరాన్నీ సరిదిద్దకు.

సరళీస్వరాల నుంచి వర్ణాల దాకా ఒక్కో మెట్టూ తప్పు లేకుండా ఎక్కినదానివి. ఎవరైనా శ్రుతి తప్పితే నీ కనుబొమలు వాటంతటవే ముడిపడతాయి. మీ నాన్నకీ నాకూ అంతే. అక్కడి పిల్లలు ఆ ముడిని ఇట్టే కనిపెట్టేస్తారు. స్కూల్లోనూ ఇంట్లోనూ "అలా కాదు, ఇలా" అన్న మాట వినీ వినీ వచ్చినవాళ్లు మరి.

నేను చేరిన కొత్తలో పదకొండేళ్ల బాబు ఒకడు వచ్చేవాడు. వివరాలు కొన్ని మార్చి చెబుతున్నాను. ఇంట్లో గలగలా మాట్లాడతాడు, గడప దాటితే నోరు పెగలదు. తోలు బిగించిన చిన్న చేతివాద్యం, కంజీర ఇస్తే వాయించడం మొదలుపెట్టాడు. లయ తప్పుతోందని నేను చెయ్యి పట్టుకుని "ఇలా నాన్నా" అని చూపించాను. కింద పెట్టేశాడు. మూడు వారాలు మళ్లీ దాన్ని ముట్టుకోలేదు. నాలుగో వారం నేనేమీ ఇవ్వలేదు. వాడు కాలితో కుర్చీని తంతూ ఉంటే అవే దెబ్బలు నేను నేల మీద వేళ్లతో వేశాను. వాడు ఆగితే నేనూ ఆగాను. కాసేపటికి కావాలనే లయ మార్చి, నేను పట్టుకున్నానా లేదా అని ఓరకంట చూశాడు. ఆ రోజు కూడా మాట్లాడలేదు. కానీ ఎదుటి మనిషితో ఆడుకోవాలన్న కోరిక వాడిలో ఉందని ఆ సాయంత్రం డాక్టరుగారికి చెప్పగలిగాను.

1959లో ఇంగ్లండులో పిల్లలకు మ్యూజిక్ థెరపీ చేస్తూ కలిసి పని మొదలుపెట్టిన సంగీతకర్త పాల్ నార్డాఫ్, టీచరు క్లైవ్ రాబిన్స్ ఇద్దరూ వెళ్లిన దారి ఇదే. పిల్లవాడు ఏడుస్తుంటే ఆ ఏడుపులోని స్వరాన్నే పట్టుకుని నార్డాఫ్ పియానో వాయించేవారు. నువ్వు చదువుకునే ఉంటావు. చదవడం వేరు, తప్పు లయకు తోడుగా వాయించడం వేరు. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు కావాలని తాళం తప్పి వాయించి చూడు. నవ్వుకోకు, నేను నెలల తరబడి చేశాను.

"ఏ రాగం వింటే తగ్గుతుందమ్మా?" అని తల్లులు తప్పకుండా అడుగుతారు. రాగానికో జబ్బు రాసిపెట్టిన పట్టికలు వాళ్లకు వాట్సాప్‌లో వస్తూనే ఉంటాయి. వాళ్ల ఆశను చిన్నబుచ్చకు, అలాగని లేని మాటా ఇవ్వకు. ఉత్తర ఐర్లండులో మానసిక, ప్రవర్తన సమస్యలున్న 251 మంది పిల్లల మీద జరిగిన అధ్యయనం ఫలితాలు 2017లో వచ్చాయి. 12 వారాల థెరపీ ముగిసేసరికి దిగులు తగ్గింది, తమ మీద తమకు నమ్మకం పెరిగింది. కొన్ని నెలల తర్వాత చూస్తే ఆ తేడా నిలవలేదు. అదే ఏడాది తొమ్మిది దేశాల్లో 364 మంది ఆటిజం పిల్లలతో చేసిన అధ్యయనంలో ఆటిజం లక్షణాల స్కోరులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఇవి చదివి నీరసపడకు. మందులు, కౌన్సెలింగ్, కుటుంబంతో చేసే పని వీటన్నిటి పక్కన మన పని ఒకటి. తల్లికి అదే చెప్పు, తర్వాత "మీ పాప నిద్రపుచ్చడానికి ఏం పాడేవారు?" అని అడుగు.

టీనేజీ పిల్లలు ఫోన్లో తమ పాటలు తెస్తారు. ఏడుపు పాట పెడితే వెంటనే హుషారు పాటకు మార్చకు. ఇప్పుడున్న మనసుకు సరిపోయే పాటతో మొదలుపెట్టి మెల్లగా జరగాలి. ఒకమ్మాయి అదే పాట వందసార్లు వింటోందంటే "ఏ లైను దగ్గర ఆపాలనిపిస్తుంది?" అని అడుగు. ఒక్కోసారి ఆ లైనులోనే చచ్చిపోవాలన్న ఆలోచన ఉంటుంది. అది విన్నాక గదిలోంచి నేరుగా డ్యూటీ డాక్టరు దగ్గరికే వెళ్లాలి. మొదటి రోజే "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకు. "నీకు ప్రమాదం ఉందనిపిస్తే చెప్పాల్సి వస్తుంది, ముందు నీతోనే అంటాను" అని చెప్పు. లైంగిక వేధింపుల సంగతి బయటపడితే పోక్సో చట్టం ప్రకారం తెలియజేయడం మన బాధ్యత.

గిటారు తీగలు, ఛార్జరు వైర్లు లోపలికి తీసుకెళ్లేటప్పుడు లెక్కపెట్టు, వచ్చేటప్పుడు మళ్లీ లెక్కపెట్టు. చప్పుడుకి చెవులు మూసుకునే పిల్లల దగ్గర కంచు తాళాలు బయటికి తియ్యకు. చెవిలో ఎవరో మాట్లాడుతున్నారనే పిల్లలకు డాక్టరుతో మాట్లాడకుండా హెడ్‌ఫోన్లు ఇవ్వకు. చేతులు వణుకుతున్నా, తూగుతున్నా ఇష్టం లేదనుకోకు, మందు ఎప్పుడు మారిందో నర్సుని అడుగు. కేస్‌షీట్‌లో "కోపంగా ఉన్నాడు" అని కాకుండా "నాలుగుసార్లు గట్టిగా కొట్టి, కర్ర నా వైపు తోశాడు" అని రాయి.

ఒక్క విషయంలో మాత్రం నేను ఎప్పటికీ గట్టిపడలేకపోయాను. పొద్దున వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంటుంది. సాయంత్రం బస్సుందని ఊరికి తీసుకెళ్లిపోయి ఉంటారు. అందుకే ప్రతి సెషన్నీ ఒకే చిన్న పాటతో ముగించేదాన్ని, అది వీడ్కోలైనా సరిపోయేలా. నువ్వూ ఒకటి కట్టుకో, పిల్లవాడి పేరు పట్టేంత చోటు అందులో ఉంచు.

ఆ కంజీర నా దగ్గరే ఉంది. ఆదివారం భోజనానికి వచ్చి తీసుకెళ్లు. వార్డులో ఏసీకి తోలు బిగుసుకుంటుంది, లోపలివైపు నాలుగు నీటి చుక్కలు చిలకరించి కాసేపు ఆగు.

నీ అత్తయ్య