నాలుగేళ్ల పాపకు లెక్కపెట్టడం, ఆకారాలు గుర్తించడం ఇంట్లో ఎలా నేర్పాలి?

మీ పాప ఇరవై వరకు గడగడా అప్పజెబుతున్నా, పళ్లెంలో ఏడు పల్లీలు పెట్టి ఎన్నని అడిగితే తప్పు చెబుతోందని రాశారు. మా అబ్బాయి కూడా నాలుగేళ్లప్పుడు ఇలాగే ఉండేవాడు. అంకెలు సరిగా రాలేదనుకుని నేను ఒక నెల పాటు మళ్లీ మళ్లీ వల్లె వేయించాను. నిజానికి ఆ వరుస వాడికి వచ్చు. ఒక్కో గింజకు ఒక్కో అంకె మాత్రమే పలకాలన్న సంగతి పట్టుబడకపోవడం వల్ల నోరు వేలికంటే ముందు పరుగెత్తేది.

దానిని సరిచేసింది మా అత్తగారి వామనగుంటల పీట. అందులోని 14 గుంటలలో గుంటకు ఐదేసి చింతగింజలు పోయించి, ఒక గుంటలోనివి తీసి ముందున్న గుంటలలో ఒక్కొక్కటే వదలమనేదాన్ని. గింజ చేతి నుంచి జారేదాకా తర్వాతి అంకె పలకకూడదన్నది మా ఒప్పందం. ఆట నియమాలు ఆ వయసుకు అక్కరలేదు. గుంటలో ఆరో ఏడో చేరాక లెక్కపెట్టించి, "అయితే మొత్తం ఎన్ని?" అని అడిగితే మొదట్లో మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేవాడు. చివర పలికిన అంకే జవాబని తెలియడానికి దాదాపు రెండు నెలలు పట్టింది. గింజలు నోట్లోనో ముక్కులోనో పెట్టుకునే ప్రమాదం ఉంది కనుక పక్కనే కూర్చోండి.

మా అత్తగారు బియ్యం కొలిచేటప్పుడు ఒకటి అనకుండా "లాభం, రెండు, మూడు" అంటారు; వాడు కొన్నాళ్లు ఒకటిని లాభమనే పిలిచాడు, నేను దిద్దలేదు. మనుషులకు ఇద్దరు, ముగ్గురు అనాలన్నది మాత్రం కంచాలు వేసేటప్పుడు విని విని దానంతటదే వచ్చింది.

ఆకారాల విషయంలో బొమ్మల అట్టలనే నమ్ముకోవద్దు. వాటిలో త్రిభుజం ఎప్పుడూ కొన పైకి పెట్టే ఉంటుంది. దానిని తలకిందులు చేయగానే మా వాడు త్రిభుజం కాదన్నాడు, చతురస్రాన్ని మూల మీద నిలబెడితే గాలిపటమన్నాడు. అందుకని పాత పెళ్లిపత్రికల అట్టలతో సన్నవి, వెడల్పువి, పెద్దవి, చిన్నవి కత్తిరించి, ఎటు తిప్పినా మూలలను వేలితో తాకి లెక్కపెట్టమన్నాను. వృత్తానికి లడ్డును చూపించకండి. మనం రెండింటినీ గుండ్రమే అంటాం కానీ, పిల్లలకు అప్పడమే సరైన ఉదాహరణ.

ఇదంతా రోజుకు పది నిమిషాలే. అది దాటితే మా వాడు గింజలు విసరడం మొదలుపెట్టేవాడు, నేను పీట మూసేసేదాన్ని.