వానలో బొర్రా గుహల ప్రయాణం: మీ ప్రశ్నకు సమాధానం

వాయుగుండం హెచ్చరిక ఉన్నప్పటికీ మీ అమ్మగారితో కలిసి విశాఖపట్నం నుంచి కారులో బొర్రా గుహలకు వెళ్లి ఒక్కరోజులోనే తిరిగి రావచ్చా అని మీరు అడిగారు. వాన తెరిపిచ్చేవరకు వాయిదా వేసుకోవడమే మేలని నా అభిప్రాయం. దూరం సుమారు 90 కిలోమీటర్లే అయినా, శృంగవరపుకోట దాటాక వచ్చే ఘాట్‌రోడ్డులో కొండచరియలు విరిగిపడే ప్రమాదం ఉంటుంది. ఒకసారి అక్కడి పొగమంచులో ముందున్న బస్సు వెనుక దీపాలు తప్ప మాకు మరేమీ కనిపించలేదు. రైలు కూడా ఆ కొండల మీదుగానే వెళ్తుంది. గుహలోపల తడవమని అనుకుంటారు గానీ, సున్నపురాయి పగుళ్ల గుండా దిగే నీరు పైకప్పు నుంచి మెడ మీద టపటపా పడుతూనే ఉంటుంది, మెట్లూ జారతాయి. వెళ్లక తప్పకపోతే తెల్లవారుజామునే బయలుదేరి, అమ్మగారికి జారని చెప్పులు వేయించి, చీకటి పడకముందే ఘాట్ దిగండి.