సంతకాలయ్యాక కూడా అల్లర్లెందుకు?

ప్రశ్న: మా తమ్ముడు ఉద్యోగరీత్యా నైజీరియాలో ఉంటున్నాడు. అక్కడి కడూనా నగరంలో ఓ ఇమామ్, ఓ పాస్టర్ కలిసి మతకలహాలు ఆపుతున్నారట. శాంతి ఒప్పందం మీద సంతకాలు పెట్టిన ఏడాదే మళ్లీ చంపుకున్నారు కదా! ఇదంతా ఫొటోల కోసమేనా?
– ఓ పాఠకురాలు, ఏలూరు

జవాబు: ఫొటోలకైతే అంత అవస్థ అక్కర్లేదమ్మా. 1992 మతకలహాల్లో, మీరన్న ఆ పాస్టర్ జేమ్స్ వుయే కుడిచెయ్యి పోయింది. ఇమామ్ ముహమ్మద్ అషఫా గురువు, వరసకు సోదరులైన మరో ఇద్దరు హతమయ్యారు. 1995లో చేతులు కలిపాక కూడా, ప్రయాణాల్లో ఒకే గదిలో పడుకుంటే ఇమామ్ ముఖం మీద దిండు అదిమేద్దామా అనిపించేదని వుయేనే ఒప్పుకున్నారు.

మీరన్నది నిజమే. 2002 ఆగస్టులో 22 మంది మతపెద్దలు కడూనా శాంతి ప్రకటనపై సంతకాలు చేశారు. నవంబరులో మిస్ వరల్డ్ పోటీల మీద ఓ పత్రిక రాసిన రాతకు ఊరు అంటుకుని, 200 మందికి పైగా పోయారు. సంతకాలు పెద్దలవి, రోడ్డెక్కింది కుర్రాళ్లు. పెద్దల మాట పేటదాకా దిగే దారి లేకపోతే ఇంతే.

అందుకే పేట కమిటీ ముఖ్యం. రెండు వైపుల నుంచీ సమానంగా పదీ పన్నెండు మంది చాలు. కుర్రాళ్ల నాయకులు, సంతలో అమ్ముకునే ఆడవాళ్లు, టాక్సీవాళ్లు అందులో ఉండి తీరాలి. పుకారు ముందు చేరేది వాళ్లకే. ‘మసీదు తగలబెట్టారట’ అని ఫోన్ వస్తే ఎక్కడ, ఎప్పుడు, చెప్పినవాడు కళ్లారా చూశాడా అన్నవి రాసుకోవాలి. ఆ గంటలోనే రెండు వైపుల నుంచీ ఒక్కొక్కరు కలిసి వెళ్లి చూడాలి. మసీదు చెక్కుచెదరలేదని పాస్టర్ చెబితే ముస్లిం కుర్రాళ్లు నమ్మరు, ఆ మాట ఇమామ్ నోటే రావాలి. నిజంగానే తగలబడితే దాచకూడదు. ఒక్కసారి దాస్తే మరోసారి ఎవరూ వినరు.

ఇంకో చిక్కు. శుక్రవారం మసీదులో చెప్పిన మాట చర్చిలో వినిపించేది ఆదివారం. ఆ రెండు రోజుల్లో ఏమైనా కావచ్చు. అందుకని అదే రోజు ఇమామూ పాస్టరూ ఇద్దరూ అక్కడి హౌసా భాషలో రేడియోలో మాట్లాడటం మేలు.

మరీ రాసుకుపూసుకు తిరిగితే సొంతవాళ్లే ‘అమ్ముడుపోయాడు’ అంటారు. కనుక ఉమ్మడి సమావేశానికి ముందు ఎవరి కుర్రాళ్లతో వాళ్లు విడిగా కూర్చోవాలి, సొంత గ్రంథం తెరిచే మాట్లాడాలి. పోలీసులకు పేర్లందించే పని మాత్రం నెత్తినేసుకోకూడదు.

మతపెద్దల చేతిలో లేనిదీ ఉంది. 2004లో నైజీరియాలోనే యెల్వా అనే ఊళ్లో వందలమంది చనిపోయిన గొడవకు మూలం భూమి, స్థానికులెవరు, వలసొచ్చినవాళ్లెవరు అన్న తగువు. 2005లో ఈ ఇద్దరూ అక్కడ రాజీ కుదిర్చారు గానీ, పట్టాలిచ్చేది ఇమామూ కాదు, పాస్టరూ కాదు.